మూడో తరగతి గోడలు

ఆ వేసవిలో మా ఇంట్లో బంగాళాదుంప మీద గొడవ జరిగింది. గొడవంటే గిన్నెలు ఎగిరిపడే గొడవ కాదు. ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరు, బంగాళాదుంప వేరా కాండమా అని వాదించుకున్నారు. అమ్మ ఇప్పటికీ దుంపలు తరిగేటప్పుడు తనలో తను నవ్వుకుంటుంది.

మా నాన్న బోర్డులు రాసే పెయింటరు. వీధిలో అందరూ రంగులాయన అనేవారు. నాన్న, బాబాయి కలిసి పనిచేసిన రోజుల్లో బొమ్మ నాన్నది, అక్షరం బాబాయిది. సెలూనుకి కత్తెర, పళ్ళ డాక్టరుకి నవ్వే నోరు, సైకిలు షాపుకి చక్రం నాన్న వేస్తే, కింద పేరు బాబాయి రాసేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఇద్దరిలో బాబాయి ముందు మేలుకున్నాడు. ప్రింటింగ్ మిషను కొని బజారులో షాపు పెట్టాడు. మిషను దిగిన రోజు నాన్న అటువైపు వెళ్ళలేదు. బాబాయి పిలవడానికి రాలేదు. నువ్వు రాలేదంటే నువ్వు పిలవలేదని ఇద్దరూ మనసులో అనుకున్నారు, పైకి అనుకోలేదు. అంతే.

ఇల్లు మాత్రం ఒకటే. మధ్య గది తలుపుకి మావైపు నుంచి బీరువా, వాళ్ళవైపు నుంచి పిన్ని కుట్టుమిషను అడ్డం వచ్చాయి. ఆడవాళ్ళకి ఈ పట్టింపులేం లేవు. అమ్మా పిన్నీ పెరట్లో కొళాయి దగ్గర నిలబడితే బిందె నిండి పొర్లిపోయినా కబుర్లు అయ్యేవి కావు. మగవాళ్ళిద్దరికీ ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో నేను. కరెంటు బిల్లు వచ్చిందని చెప్పు. డాబా మీద ట్యాంకు కారుతోందని చెప్పు. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉన్నా సరే, నా ముఖం చూసే చెప్పేవారు. పిన్ని నాకు వైరు అని పేరు పెట్టింది. "వైరూ, మీ బాబాయి మాట ఏదైనా ఆగిపోయిందేమో చూసుకో" అని ఏడిపించేది.

అప్పటికి నేను డిగ్రీ చివరి పరీక్షలు రాసేసి ఫలితాల కోసం చూస్తూ ఖాళీగా ఉన్నాను. నాన్న కూడా ఖాళీగానే ఉన్నాడు, కాకపోతే ఆయన చూడ్డానికి ఫలితాలేమీ లేవు. ఎప్పుడో ఒక లారీకి నంబరు, ఎవరింటి గేటుకో రంగు. మిగతా రోజంతా వరండాలో కూర్చుని కుంచెలు కడిగేవాడు. వాడని కుంచెలే మళ్ళీ మళ్ళీ కడిగేవాడు. అమ్మ చూసీ చూడనట్టు తిరిగేది.

అలాంటి ఒక పొద్దున్న, గొడుగు మడుచుకుంటూ ఒకావిడ మా మెట్లెక్కారు. పక్క వీధి బడిలో మూడో తరగతి టీచరట. సన్నగా, పెద్ద కళ్ళజోడుతో, నా కంటే నాలుగైదేళ్ళు పెద్దగా ఉంటారేమో. కానీ మాట్లాడితే ఎదుటివాళ్ళు ఎవరైనా మూడో తరగతిలో కూర్చున్నట్టే ఉండేది. ఒక ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా కదలకుండా చూసేవారు.

ఆవిడ చెప్పిందేమిటంటే, మూడో తరగతి పిల్లలకి మొక్కల పాఠాలు మొదలవుతాయి. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, గింజ. పోయినేడు గోడకి ఫ్లెక్సీ కట్టించారు. ఎండకి వెలిసిపోయి, అంచులు చుట్టుకుపోయి, మిగిలినదాన్ని పిల్లలు పీకేశారు. ఆ ఫ్లెక్సీ వేసింది బాబాయి షాపులోనే. ఆ షాపాయన నాన్న తమ్ముడేనని ఆవిడకి తెలియదు. నాన్న మీసాల కింద ఏదో కదిలింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ అమ్మ నాకేసి చూసింది.

ఈసారి రంగులతో గోడల మీదే వేయించాలని పెద్ద టీచరుగారిని ఒప్పించానని, బడి తెరిచేలోపు అయిపోవాలని ఆవిడ అన్నారు.

"బయట బోలెడు చెట్లున్నాయి కదండీ, అవి చూపిస్తే చాలదా?" అని నాన్న అడిగాడు. వచ్చిన పని పోగొట్టుకునే ప్రశ్న అది. అమ్మ గరిటె చప్పుడు చేసింది.

"చూపిస్తానండీ. కానీ వేరు బయట కనబడదు. నీళ్ళు పైకి ఎక్కడం కనబడదు. గింజ లోపల ఏముందో కనబడదు. కనబడనివే నాకు గోడ మీద కావాలి."

నాన్న తను వేసినవన్నీ సబ్బులూ కత్తెరలూ పళ్ళేనని, మొక్కల్లో అయితే లారీల వెనక గులాబీ తప్ప ఇంకేమీ వేయలేదని చెప్పాడు.

"గులాబీ చాలదండీ. గులాబీ కింద ఏముందో కావాలి" అన్నారావిడ.

ఆ సాయంత్రమే నాన్న పాత క్యాలెండరు వెనక్కి తిప్పి ఒక మొక్క వేశాడు. ఆకులు చక్కగా కుదిరాయి. కాండం నిటారుగా వచ్చింది. వేరు దగ్గరకి వచ్చేసరికి తడిసిన జుట్టు వేలాడుతున్నట్టుంది. దువ్వెన కూడా వేస్తే సెలూను వాళ్ళు తీసుకుంటారని అమ్మ అంది. మర్నాడు నేనూ నాన్నతో బడికి వెళ్ళాను. టీచరుగారు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ మొక్క వేరండీ అని అడిగారు.

"ఏదో ఒక మొక్కండీ."

"ఏదో ఒక మొక్క అనేది ఎక్కడా ఉండదు కదండీ."

నాన్న దారంతా నాకంటే ముందు గబగబా నడిచాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఇంటి మలుపులో కాలువ గట్టు దగ్గర ఆగి, లుంగీ ఎగ్గట్టి, వంగి ఒక గడ్డి దుబ్బుని పట్టుకుని లాగాడు. అది పిడికెడు మట్టితో సహా ఊడి వచ్చింది. దాని పక్కనే పచ్చపూల పిచ్చిమొక్క ఒకటుంటే దాన్నీ లాగాడు. అది మధ్యకి పుటుక్కున తెగింది. ఇంటికొచ్చి, అమ్మ చూడకుండా ఇనప గరిటె పట్టుకెళ్ళి అలాంటిదే ఇంకోటి చుట్టూ తవ్వి తెచ్చాడు. అమ్మ చూసింది. ఆ గరిటె తర్వాత వంటగదిలోకి తిరిగి రాలేదు, రంగులు కలపడానికి ఉండిపోయింది.

రెండు మొక్కల్నీ కడిగి తడి కాగితం మీద పరిచాం. పిచ్చిమొక్కకి మధ్యలో ఒకటే లావుపాటి వేరు, కిందకి పోయేకొద్దీ సన్నబడుతూ, పక్కలకి పిల్లవేళ్ళు. గడ్డికి అలా పెద్దరికం ఏదీ లేదు. అన్నీ ఒకే లావు, అన్నీ ఒకే చోట నుంచి గుత్తిగా. ఇన్నేళ్ళూ దాన్ని తొక్కుతూ నడిచాను గానీ ఇలా ఉంటుందని తెలీదే అని నాన్న అన్నాడు. టీచరుగారికి చూపిస్తే, ఆకులు కూడా చూడండి అన్నారు. గడ్డి ఆకు మీద గీతలు పక్కపక్కనే నిలువుగా పోయాయి. రెండోదాని ఆకు మీద గీతలు వల అల్లినట్టున్నాయి. మామూలుగా ఇలాంటి వేరుకి ఇలాంటి ఆకు, అలాంటి వేరుకి అలాంటి ఆకు ఉంటాయట. కింద ఏముందో పైన చూసి చెప్పొచ్చట. ఆ రోజు నుంచి నాన్నతో బజారుకి వెళ్ళడం కష్టమైపోయింది. కనబడిన ప్రతి మొక్క దగ్గరా ఆగి, ఆకుని ఎండకి ఎత్తి చూసి, దీని వేరు ఎలా ఉంటుందో చెప్పుకో అని నన్ను పరీక్ష పెట్టేవాడు. నేను రాసి వచ్చిన పరీక్షల కంటే అవే ఎక్కువ.

వంటగది కిటికీ నిండా గ్లాసులు చేరాయి. ఒకదాంట్లో తడి దూదిలో చిక్కుడు గింజలు. ఒకదాంట్లో మొక్కజొన్న గింజలు. ఇంకోదాంట్లో నీలం సిరా కలిపిన నీళ్ళు, అందులో తెల్లపువ్వు ఒకటి కాడతో సహా. గ్లాసులన్నీ మొక్కలకిచ్చేస్తే మనం దోసిళ్ళతో తాగాలని అమ్మ సణిగింది. కానీ సాయంత్రం, కిటికీ దగ్గర నుంచి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది అమ్మే. పువ్వు రేకుల అంచుల దాకా సన్నటి నీలం గీతలు పాకాయి. నీళ్ళు ఎక్కిన దారి మొత్తం కనబడుతోంది. నాన్న పువ్వుని చూస్తున్నాడు, అమ్మ నాన్నని చూస్తోంది. ఆయన ఆ రోజు కుంచెలు కడగలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

సెలవుల్లో బడి ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. బల్లలన్నీ వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. ఖాళీ గదిలో దగ్గితే మళ్ళీ మనకే వినపడుతుంది. గోడలకి తెల్లరంగు నేనూ నాన్నా కలిసి పట్టించాం. రెండు డబ్బాల మీద అడ్డంగా చెక్క పలక వేసుకుని నాన్న పైన, రంగులు కలుపుతూ నేను కింద.

కిటికీల గోడని ఆనుకున్న గోడ మొత్తానికి ఒకే మొక్క. పువ్వు పైకప్పు దగ్గర, వేరు నేల దగ్గర. అలా అయితే పిల్లలు వేళ్ళ మధ్య కూర్చున్నట్టుంటుందని టీచరుగారు అడిగి మరీ వేయించుకున్నారు. ఆవిడ రోజూ పూటకోసారి వచ్చేవారు. తప్పులు పట్టేవారు, మొహమాటం లేకుండా. ఆకులన్నీ మనవైపే తిరిగి ఉన్నాయేమిటండీ, ఫోటో దిగుతున్నాయా, అవి వెలుతురు వైపు తిరగాలి కదా అన్నారు ఒకసారి. నిజమే, షాపు బోర్డుల అలవాటు. నాన్న చెరిపేసి, ప్రతి ఆకునీ కిటికీ వైపు తిప్పి వేశాడు. దాంతో గోడ మీది మొక్కకి కూడా ఆ కిటికీ వెలుతురే పడుతున్నట్టు అనిపించింది.

రెండో గోడ మీద తలుపంత ఆకు. అసలు ఆకు చేసే పని ఏమిటని నాన్న అడిగాడు. వంట అన్నారావిడ. నీళ్ళు వేరు మోసుకొస్తుంది, గాలి ఆకు అడుగున ఉండే చిన్న చిన్న నోళ్ళలోంచి వెళ్తుంది, పొయ్యి ఎండ. ఆ వండినదే మొక్కంతా తింటుంది, మిగిల్చి దాచుకుంటుంది, దాచుకున్నది మనం తింటాం.

"అయితే మనందరం దాని చేతి వంటే తింటున్నామన్నమాట" అన్నాడు నాన్న.

ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి చెప్పాడు. మరి నేనేం చేస్తున్నానంటారు ఇన్నేళ్ళ నుంచీ అని అమ్మ అడిగితే, వేడి చేస్తున్నావు అన్నాడు. ఆ పూట భోజనం ఆలస్యంగా పెట్టింది.

చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. బొమ్మల పక్కన పేర్లు రాయాలి. నాన్న అక్షరం బొమ్మలాగే ఉండేది, అంటే ఏ అక్షరానికి ఆ అక్షరం తన ఇష్టమొచ్చినట్టు నిలబడేది. 'పువ్వు' అని రాస్తే వత్తు జారిపోయి ఆకు మీద పడింది. చెరిపేసి నన్ను రాయమన్నాడు. నేను సుద్దతో గీతలు కొట్టుకుని, ఊపిరి బిగపట్టి రాశాను. టీచరుగారు చూసి "ఫరవాలేదు" అన్నారు. అంతకుముందు వేరునీ ఆకునీ చీల్చి చెండాడిన మనిషి ఫరవాలేదన్నారంటే అది ఎంత బాగోలేదో నాకు అర్థమైంది. నాన్నే గుడ్డతో తుడిచేశాడు.

ఈ సంగతి నేను కొళాయి దగ్గర పిన్నికి చెప్పాను. పిన్ని బాబాయికి చెప్పింది. మర్నాడు బాబాయి స్కూటరు తుడుస్తూ నా ముఖం చూసి అన్నాడు, కావాలంటే అక్షరాలు మిషను మీద కట్ చేసిస్తాను, గోడకి ఆనించి రంగు కొట్టుకుంటే సరిపోతుందని మీ నాన్నతో చెప్పు అని. నేను చెప్పాను. వాడి మిషను నా గోడ ఎక్కదని చెప్పు అన్నాడు నాన్న. దాన్ని నేను, నాన్న అక్కర్లేదన్నాడు బాబాయ్ అని మార్చి చెప్పాను. బాబాయి నవ్వాడు.

"వాడి మిషను అని ఉంటాడు. అవునా?"

ఆయన స్కూటరు అద్దం ఇంకోసారి తుడిచి వెళ్ళిపోయాడు.

మూడో గోడ మీద నేల కింది సంగతులు. గోధుమరంగు మట్టి పొర వేసి, అందులో క్యారెట్టు, ముల్లంగి, బంగాళాదుంప వరసగా దించాడు నాన్న. క్యారెట్టు చూస్తే పీక్కుని తినాలనిపించేంత బాగా కుదిరింది. ఈ దాచుకునే వేళ్ళ వరస తనకి బాగా నచ్చిందని, మొక్కలు మనకంటే ముందుచూపు గలవని చెబుతూ దుంపకి నీడ వేస్తున్నాడు. అప్పుడు గుమ్మంలో చప్పుడైంది.

బాబాయి. చేతిలో టేపు. బడి గేటు మీద బోర్డుకి కొలతలు తీసుకోమన్నారని, అందుకే వచ్చానని నాతో అన్నాడు. గేటు కొలవడానికి వచ్చిన మనిషికి మూడో తరగతి గదిలో ఏం పనో నేను అడగలేదు. నాన్న వెనక్కి తిరగలేదు. కుంచె కదులుతూనే ఉంది, కానీ రంగు అంటడం లేదు.

బాబాయి పెద్ద మొక్కని కింద నుంచి పై దాకా చూశాడు. ఆకు దగ్గరకి వెళ్ళి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. మూడో గోడ దగ్గరకి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"బంగాళాదుంప వేరు కాదని మీ నాన్నతో చెప్పు."

"మట్టిలో ఉన్నది వేరు కాక ఇంకేమిటని అడుగు" అన్నాడు నాన్న గోడతో.

"కాండం అని చెప్పు. పోయినేడు ఫ్లెక్సీ వేసినప్పుడు టీచరుగారు రాసిచ్చిన కాగితంలో ఉంది. నేనే తప్పేమోనని రెండుసార్లు అడిగాను. దుంపకి కళ్ళుంటాయి, కంటికో మొలక వస్తుంది. క్యారెట్టుకి ఒళ్ళంతా వెతికినా కన్నుండదు."

"చినిగిపోయిన ఫ్లెక్సీ సంగతి నాకెందుకని చెప్పు."

"ఫ్లెక్సీ చినిగింది, దుంప మారలేదని చెప్పు."

నేను ఇటు తిరిగి అటు తిరిగేలోపు నాన్న పలక మీద నుంచే వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, మట్టిలో ఉండేదాన్ని కాండం అని రాస్తే పిల్లలు నవ్వుతార్రా."

బాబాయి టేపు చుట్టుకోవడం ఆపాడు.

"నవ్వనీ అన్నయ్యా. నవ్వితే గుర్తుంటుంది."

ఎవరూ నా ముఖం చూడ్డం లేదు. నేను వెళ్ళి రంగు డబ్బాకి మూత పెట్టాను.

అంతమాత్రాన నాన్న ఒప్పుకున్నాడని కాదు. ఇంటికొచ్చి నేరుగా వంటగదిలో దుంపల బుట్ట ముందు చతికిలపడ్డాడు. అడుగున మొలకెత్తిన దుంప ఒకటి దొరికింది. కన్ను ఉన్న ప్రతి చోటా లేత మొలక, ఒకదాని చివర చిన్న ఆకు కూడా విప్పుకుంటోంది. ఆకు మోసేది కాండమని ఆయనకి ఈపాటికి బాగా తెలుసు. దుంపని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "సన్నాసి, వీడికి తెలిసిపోయింది" అన్నాడు. సన్నాసి అన్నది ఎవరినో మేం అడగలేదు. అమ్మ వెనక్కి తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉల్లిపాయలు తరుగుతోంది మరి.

మర్నాడు నాన్న దుంప చుట్టూ మట్టి చెరిపి, మొక్క మొదలు నుంచి పక్కకి పాకిన తెల్లటి కాడల చివర్న దాన్ని కొత్తగా వేశాడు, కళ్ళతో, మొలకతో. మధ్యాహ్నం బాబాయి షాపు మూసేసి వచ్చాడు. ఈసారి టేపు లేదు. గుడ్డలో చుట్టిన కుంచె ఉంది. అక్షరాల కుంచె, చప్పటిది. దాని వెంట్రుకలు మెత్తగా, కొత్తదానిలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆయన కూడా వాడని కుంచెని కడుగుతూ కూర్చున్నాడేమో.

ఆయన రాయడం మొదలుపెట్టాక నేను రంగు కలపడం మర్చిపోయి చూస్తుండిపోయాను. గీత కొట్టుకోలేదు, కొలుచుకోలేదు. చిటికెన వేలు గోడకి ఆనించి, కుంచె ఒకసారి దించితే అక్షరం పూర్తయ్యాకే ఎత్తేవాడు. దుంప పక్కన 'కాండం' అని రాశాడు.

"సున్నా పెద్దదైంది" అన్నాడు నాన్న.

"దుంప పక్కన కదా. గుండ్రంగా ఉండాలి."

"తలకట్టు పైకి పోయింది."

"నీ కళ్ళజోడు కిందకి జారింది."

అలా సాయంత్రం దాకా సాగింది. ఏళ్ళ నాడు ఆగిన చోట నుంచి కాకుండా, ఇప్పుడే పరిచయమైనవాళ్ళలా, ఎదురుగా ఉన్న పని గురించి మాత్రమే మాట్లాడుకున్నారు. మిషను గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు తెలిసి ఇప్పటిదాకా కూడా ఎత్తలేదు.

కొన్నాళ్ళకి అమ్మా పిన్నీ కలిసి గోడలు చూడ్డానికి వచ్చారు. పెద్ద మొక్క కింద, నేలకి జానెడు ఎత్తులో బాబాయి రాసిన 'వేరు' అనే మాటని అమ్మ వంగి చదివింది.

"మొత్తానికి వేరు అని ఇద్దరూ కలిసి రాశారన్నమాట" అంది.

పిన్ని పడీ పడీ నవ్వింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి చెరో గోడవైపు తిరిగి, ఏదో సరిచేస్తున్నట్టు నటించారు. ఆ సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ ఎవరినీ అడక్కుండా ఇటు నుంచి బీరువా, అటు నుంచి కుట్టుమిషను జరిపేశారు. తలుపు బిగుసుకుపోయింది. నాన్న ఇటు నుంచి నెట్టాడు, బాబాయి అటు నుంచి లాగాడు. తెరుచుకున్నాక, అక్కడేదో పెద్ద పనున్నట్టు ఇద్దరూ మడతబందులకి నూనె రాస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత బాబాయి షాపులో ఫ్లెక్సీలతో పాటు గోడ బొమ్మల పని కూడా ఒప్పుకోవడం మొదలుపెట్టారు. నాన్నకి ఖాళీ లేకుండా పోయింది. నా ఫలితాలూ వచ్చాయి, పాసయ్యాను. ఆ వేసవిలో అదంత పెద్ద వార్తగా ఎవరికీ అనిపించలేదు, నాకు కూడా.

బడి తెరిచిన రోజు సన్నగా జల్లు పడుతోంది. టీచరుగారు రమ్మంటే ముగ్గురం వెళ్ళి గది వెనక నిలబడ్డాం. పిల్లలు గుంపుగా లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. వెనకవాళ్ళు నెట్టారు. తర్వాత ఎవరూ బల్లల దగ్గరకి వెళ్ళలేదు, గోడల దగ్గరకి వెళ్ళారు. ఒకడు క్యారెట్టుని గోకాడు. ఒకమ్మాయి కింద కూర్చుని పెద్ద వేరుని వేలితో మొదలు నుంచి చివరి దాకా తడిమింది. బంగాళాదుంప పక్కన కాండం అని చదివి నలుగురు నవ్వారు. బాబాయి మోచేత్తో నాన్నని పొడిచాడు.

ఆ కింద కూర్చున్న అమ్మాయే లేచి టీచరుగారిని అడిగింది, గింజని తలకిందులుగా పాతితే వేరు పైకి వచ్చేస్తుందా అని. ఆవిడకి తెలియకుండా ఉండదు. కానీ కళ్ళజోడు సర్దుకుని, "వేసినవాళ్ళు ఇక్కడే ఉన్నారుగా, అడుగుదాం" అని మావైపు తిరిగారు.

గదంతా మమ్మల్ని చూసింది. నాన్న బాబాయిని చూశాడు. బాబాయి నాన్నని చూశాడు.

"తెలీదమ్మా. చూసి చెప్తాం" అన్నాడు నాన్న.

ఇంటికొచ్చి ఇద్దరూ ఒక గాజు గ్లాసు లోపల తడి కాగితం చుట్టి, గాజుకీ కాగితానికీ మధ్య చిక్కుడు గింజలు ఇరికించారు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి పూర్తిగా తలకిందులుగా. పైకే వస్తుందని నాన్న, మధ్యలో ఎండిపోతుందని బాబాయి. పొద్దున్న లేస్తూనే ఒకరి తర్వాత ఒకరు కిటికీ దగ్గర హాజరు. తలకిందుల గింజ వేరు ముందు నిజంగానే పైకి పొడుచుకొచ్చింది. నాన్న ఆ పూటంతా మెడ ఎత్తుకుని తిరిగాడు. తర్వాత దాని మొన మెల్లగా వంగడం మొదలైంది. గింజ చుట్టూ కొక్కెంలా తిరిగి, కిందకే దిగింది. ముగ్గురం వంగి దాన్నే చూస్తున్నాం. కిందెటో దానికి ఎవరు చెప్పారన్నయ్యా అని బాబాయి నెమ్మదిగా అన్నాడు. నాన్న గ్లాసుని వెలుతురు వైపు తిప్పాడు.

ఆదివారం బడికి వెళ్ళాం. కిటికీ కింద, మూడో తరగతి పిల్లలు వంగి చూస్తే కనిపించే ఎత్తులో కొంచెం తెల్లగోడ మిగిలి ఉంది. నాన్న నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూడు గింజలు వేశాడు, మూడు వేళ్ళు, మూడూ కిందకి. మూడోది వంపు తిరిగిన చోట చెయ్యి చాలాసేపు ఆపాడు. బాబాయి అప్పటికే కుంచె తడిపి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏం రాయమంటావు అన్నయ్యా?"

నాన్న వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"ఏమీ రాయకురా. పిల్లలనే అడగనీ."

బాబాయి లేచి, కుంచె కడుక్కోవడానికి కొళాయి దగ్గరకి వెళ్ళాడు.